ఓనరు గేరు కేబులు మార్చే రోజు

ఈ ఏడు విజయదశమి నాడు నన్నెవరూ నిద్ర లేపలేదు. ఎండ కిటికీలోంచి మంచం మీదికొచ్చి, నా మొహం మీద కాసేపు ఉండి, గోడెక్కి పోయింది. మా ఆవిడ వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

"జ్వరం గూడా లేదు. ఇంగా పండుకోనే ఉండావేంది?" అంది.

అప్పుడు గుర్తొచ్చింది ఇద్దరికీ. ఎదురింటి ఓనరు శ్రావణంలో పోయాడు. ఆయన పోయాడు కాబట్టి నిన్న ఆయన సైకిలుకు ఆయుధపూజ జరగలేదు. పూజ జరగలేదు కాబట్టి దాని గేర్లు పట్టేయలేదు. గేర్లు పట్టేయలేదు కాబట్టి వెనక గేరు కేబులు మార్చే పని లేదు. ఆ పని లేదు కాబట్టి గేటు బయట నిలబడి "ఏమప్పా, లేస్తివా?" అని వీధంతా వినపడేలా అరిచే గొంతూ లేదు. ఇన్నేళ్ళకు నాకు పండగ సెలవు దొరికింది. దాన్ని ఏం చేసుకోవాలో తెలియక లేచి కాఫీ తాగాను.

ఆయన్ని అందరూ ఓనరు అనేవాళ్ళు. నేను మామా అని, ఆయన భార్యను అత్తా అని పిలిచేవాణ్ణి. చుట్టరికం ఏమీ లేదు. మా వీధి వెడల్పు తక్కువ, అంతే. ఒకప్పుడు ఆయనకు గనుల నుంచి ఖనిజం తోలే లారీలు ఉండేవట. గనులు మూతబడ్డాక ఒక్కొక్కటీ పోయాయి. నేను ఆ వీధిలోకి వచ్చేనాటికి ఆయనకు మిగిలిన బండి ఒక గేర్ల సైకిలు. అయినా ఓనరు ఓనరే. బండ్లు పోయినంత మాత్రాన పేరెక్కడికి పోతుంది?

విచిత్రమేమిటంటే, అన్ని లారీలు ఏలిన మనిషికి లారీ నడపడం రాదు. కారూ రాదు, స్కూటరూ రాదు. బతుకంతా ఎడమ పక్క సీట్లో కూర్చొని "పోనీప్పా" అనడమే ఆయన డ్రైవింగు. చిన్నప్పుడు తెక్కలకోటలో వరిమళ్ళ గట్ల మీద పడుతూ లేస్తూ నేర్చుకున్న సైకిలొక్కటే ఆయనకు చేతనయిన బండి. అందులోనూ గేర్లుండాలి. "గేరు లేకుంటే అది బండెట్లయితాదప్పా? సుమ్నె, ఉత్త చక్రం" అనేవాడు.

సైకిలెక్కే ముందు సీటు మీద అరచేత్తో చరిచి "రైట్" అనేవాడు. కూరగాయల సంచి ఆయన భాషలో లోడు. లోడును హ్యాండిలుకు తగిలించాక నాలుగడుగులు వెనక్కి వెళ్ళి నిలబడి, బండి ఒక పక్కకు ఒరిగిందేమో చూసి, సొరకాయను ఈ సంచిలోంచి ఆ సంచిలోకి మార్చేవాడు. ఎక్కడ నిలిపినా స్టాండు వేసి, వెనక చక్రం కింద రాయి పెట్టేవాడు. మా వీధి ఎంత చదునంటే, వాన పడితే నీళ్ళు ఎటు పోవాలో తెలియక అక్కడే కాపురం పెడతాయి.

"స్టాండేసినావు కదా మామా, మళ్ళ రాయెందుకు?" అని ఒకసారి అడిగాను.

"బండిని నమ్మగూడదప్పా," అన్నాడు.

ఆయనలో నాకు ఒళ్ళు మండించే గుణం ఒకటుండేది. ఏ తప్పూ ఆయనది కాదు. కాఫీ ఒలికితే గ్లాసుది. గుంతలో పడితే గుంతది. గేరు పడకపోతే కంపెనీది. కంపెనీది కాదని తేలితే నాది. పెళ్ళయినప్పటి నుంచీ ఆ నోటి నుంచి 'నాది తప్పు' అన్న మాట తాను వినలేదని అత్త చెప్పింది. ఫిర్యాదుగా చెప్పలేదు, ఆయనకు వంకాయ పడదని చెప్పినట్టు చెప్పింది.

ఇంక ఆయుధపూజ. మా వైపు ఆ రోజు బండి ఉన్న ప్రతివాడూ బండి కడిగి, పూలు కట్టి, గుమ్మడికాయ దిష్టి తీస్తాడు. ఓనరు లారీలకు ఎట్లా చేసేవాడో సైకిలుకూ అట్లాగే చేసేవాడు, ఒక్క పిసరు తగ్గించకుండా. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించేవాడు. లారీ టైరు కింద నిమ్మకాయ నలుగుతుంది. సైకిలు టైరు కింద అది జారుతుంది. ఒక ఏడు జారి మా వంటింట్లోకి వచ్చింది. ఆ ఏడు ఆయన కింద పడ్డాడు, నిమ్మకాయది తప్పు. తర్వాత కుంకుమ తడిపి బండికి ఎక్కడెక్కడ కీలుందో అక్కడల్లా పూసేవాడు. వెనక గేరుకు మరీ దట్టంగా, అది ఇంజనుతో సమానం కాబట్టి. ఆఖరున టెంకాయ కొట్టి, ఆ నీళ్ళు హ్యాండిలు నుంచి కేబులు వెంబడి ధారగా పోసేవాడు. నీళ్ళూ కుంకుమా కలిసి కేబులు తొడుగులోకి దిగి, రాత్రికి రాత్రి పాకం పట్టి, పొద్దున్నకు ఇనుములా బిగుసుకునేవి. అసలే ఊరి ఎర్రదుమ్ము అందులో ఏడాదంతా చేరి ఉండేది.

"పూజ వల్లే మామా ఇది," అన్నాను మొదటి ఏడు.

"పూజ వల్ల బండి చెడతాదా? నోరు కడుక్కో పో. కంపెనీ కేబులు మంచిది గాదు."

"పోనీ, పూజప్పుడు గేరుకు ప్లాస్టిక్ కవరు చుడదాం."

"దేవునికి రెయిన్‌కోటు తొడుగుతావాప్పా నువ్వు?"

కానీ పండగ సామాన్లు తెచ్చేటప్పుడు గుమ్మడికాయ, నిమ్మకాయలు, పూలతో పాటు ఒక కొత్త గేరు కేబులు కూడా ముందే తెచ్చి పెట్టుకునేవాడు. ఎందుకు మామా అంటే, ఇంట్లో ఉండనీలే అనేవాడు. పూజలో దానికీ బొట్టు పెట్టేవాడు.

మరి ఇంత అవసరం ఏమొచ్చింది? బండి చెడితే పండగయ్యాక బాగు చేసుకోవచ్చు కదా? అదే మొదటి ఏడు నేనూ కోపంగా అడిగాను. అత్త నన్ను పెరట్లోకి పిలిచి చెప్పింది. విజయదశమి సాయంత్రం మా దగ్గర ఒకరికొకరు జమ్మి ఆకు ఇచ్చుకుంటారు. ఇక్కడ దాన్ని కన్నడంలోలా బన్ని అంటాం. 'బన్ని తీసుకొని బంగారం మాదిరి ఉందాం' అని చేతిలో పెడతాం. ఎదుటివాడు తీసుకుంటే పాత తగాదాలు పోయినట్టు లెక్క. ఓనరు ఆ సాయంత్రం సైకిలు మీద పక్కూరు కప్పగల్లు పోయి ఒక మనిషికి బన్ని ఇవ్వాలి. ఆ మనిషి తీసుకోడు. ఓనరు ఆకును అట్లాగే ఇంటికి తెచ్చేవాడు, అత్త దాన్ని దేవుడి దగ్గర పెట్టేది.

ఆ మనిషి ఓనరు లారీల్లో మొదటి లారీకి మొదటి డ్రైవరు. ఒక ఆయుధపూజకు లోడు తొందరలో ఓనరు ఆ బండిని పూజకు నిలపలేదు. పూజంటే పసుపూ కుంకుమే కాదు. ఏడాదికొకసారి బండిని కడిగి, కిందికి దూరి, బ్రేకూ బోల్టూ చూసుకునే రోజు. ఆ ఏడు ఆ లారీ కిందికి ఎవరూ దూరలేదు. మరుసటి రోజు ఘాటు రోడ్డులో కొండ దిగుతుంటే బ్రేకు పడలేదు. డ్రైవరు బండిని కొండవైపుకు తిప్పి ప్రాణం దక్కించుకున్నాడు. మోకాలి కింద కుడికాలు పోయింది.

"మరుసటేడు ఈయన కారులో బన్ని తీస్కొని పోయ," అంది అత్త. "ఎవరు తోలిరప్పా నిన్ను ఈడికి, అన్యాడంట ఆయప్ప. కొత్త డ్రైవరు, అని ఈయన. ఆయప్పకి కోపమొచ్చ. బండి మీద నీ చెయ్యి యానాడన్నా పడిందా ఓనరూ? నీ చేత్తో బాగు చేసుకొని, నువ్వే తోలుకొని రాపో, అప్పుడు సూద్దాం బన్ని సంగతి అన్యాడు. కోపంల అన్న మాట అది. ఈయన దాన్ని ఆర్డరు మాదిరి పట్టుకున్యాడు. వారం తిరక్కముందే సైకిలు తెచ్చ."

"సైకిలు మీద పోయినా తీసుకోలేదా?"

"ఆ కంపెనీ బ్రేకులే అంతప్పా అని ఈయన మొదలుపెడతాడంట. ఆయప్ప మొగం తిప్పుకుంటాడంట. ఏటేటా ఇదే."

ఇది తెలిశాక నా పాత్ర ఏమిటో నాకు అర్థమయింది. నాకు కౌల్ బజార్లో హార్డ్‌వేరు అంగడి ఉంది. మేకులు, బోల్టులు, రంగు డబ్బాలు అమ్ముతాను. స్పానర్లు అమ్మేవాడికి రిపేరి వస్తుందని జనం నమ్మకం. మందుల అంగడివాణ్ణి ఆపరేషను చెయ్యమని ఎవరూ అడగరు, నా దగ్గరికి మాత్రం వస్తారు. ఓనరు అంత దూరం కూడా పోనివ్వలేదు. కేబులు మీద నా చెయ్యి పడకూడదు. వెనక చక్రం నేలకు ఆనకుండా సీటు పట్టుకొని ఎత్తి ఉంచడమే నా పని. ఒంటి చేత్తో పెడలు తిప్పమన్నప్పుడు తిప్పాలి. "ఎత్తు" అంటే ఎత్తాలి, "దించు" అనే మాట ఆయనకు గుర్తొచ్చేదాకా దించకూడదు.

పని మాత్రం పద్ధతిగానే మొదలయ్యేది. నేల మీద పాత చీర పరిచి, దాని మీద స్పానరు, అల్లెన్ కీలు, కటింగ్ ప్లేరు వరసగా పెట్టి, వాటికి నమస్కారం చేసేవాడు. గేరును అన్నిటికన్నా చిన్న పళ్ళచక్రం మీదికి దించి, వెనక బోల్టు వదులు చేసి, పాత తీగను హ్యాండిలు వైపు నుంచి లాగేవాడు. అది వచ్చేది కాదు. నిన్నటి పుణ్యమంతా దాన్ని పట్టుకొని ఉండేది. కిరసనాయిలు పోసి, కాసేపు తిట్టి, మళ్ళీ లాగితే గులాబీ రంగులో బయటికి వచ్చేది. దాన్ని పైకెత్తి వెలుతురులో చూసి "సూస్తివా కంపెనీ పని" అనేవాడు.

కొత్త తీగ కొసను పిడిలోని చిన్న రంధ్రంలోంచి దూర్చడం అసలు పరీక్ష. అద్దాలు పెట్టుకుంటే దగ్గరివి కనపడవు, తీస్తే రంధ్రం కనపడదు. తీగ కొస విచ్చుకుంటే నోట్లో తడిపి సూదిదారంలా నలిపేవాడు. దూరిన క్షణాన మాత్రం ఆ మొహం చూడాలి. తర్వాత చాలాసేపు చక్రం తిప్పించి, చెవి గేరు దగ్గర పెట్టి వినేవాడు. "బండి చెప్తాదప్పా, వినాల" అనేది డ్రైవరు మాటట. ఏం వినేవాడో నాకు తెలియదు. నా చేతులు మాత్రం రెండు రోజులు నొప్పి పెట్టేవి.

పోయినేడు దసరాకు ఆయన బాగా నీరసించి ఉన్నాడు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. డాక్టరు సైకిలు వద్దన్నాడు. డాక్టరు వయసు చిన్నదని చెప్పి ఆయన పూజ చేశాడు, టెంకాయ నీళ్ళు పోశాడు, పొద్దున్నే నా గేటు దగ్గర నిలబడి అరిచాడు.

ఆ రోజు చేతులు ఆయన మాట వినలేదు. తీగ రంధ్రంలోకి దూరేసరికి మధ్యాహ్నం దాటింది. "నాకిస్తావా మామా" అన్నందుకు నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. తీగను తొడుగులోంచి లాగి వెనకకు తెచ్చాడు. బోల్టు కింద బిగించి, గట్టిగా లాగి, ఆ తర్వాత మిగిలిన కొసను కత్తిరించాలి. ప్రతి ఏడూ అట్లాగే చేసేవాడు. పోయినేడు పొద్దు వంక ఒకసారి చూసి, బిగించకుండానే ప్లేరు తీసుకొని టక్కున కోశాడు.

కోసిన తీగ తొడుగులోకి జారింది. లాగి చూస్తే బోల్టు దాకా అందలేదు. బొటనవేలి గోరంత తక్కువ.

పాత కేబులు పోగులు పోగులుగా ఊడి ఉంది. పండగ రోజు సైకిలు అంగళ్ళన్నీ మూత. నాకు తెలిసిన ఒక్క అంగడివాడూ ఊరికి పోయాడని ఫోనులో చెప్పాడు. కేబులు లేకపోతే గేరు చిన్న చక్రం మీదే ఉండిపోతుంది. అంటే లారీ భాషలో టాపులో. చదును మీద పరుగు, ఎత్తులో నరకం. కప్పగల్లు దారిలో ఎత్తు ఉంది.

"నా స్కూటరు మీద పోదాం పా మామా," అన్నాను.

ఆయన చీర మీద స్పానర్లు ఒక్కొక్కటీ తుడిచి పెట్టాడు.

"నువ్వు తోల్తే నేను మళ్ళ ఓనరునే అయితా కదప్పా," అన్నాడు.

చొక్కా మార్చుకొని, జేబులో బన్ని పెట్టుకొని, సీటు మీద చరిచి, రైట్ అని బయలుదేరాడు. అత్త నా వైపు చూసింది. నేను స్కూటరు తీసుకొని వెనక పోయాను, కనపడకుండా పోదామనే. ఆయన మలుపు తిరిగే ముందు చెయ్యి బయటపెట్టి, ఓవర్‌టేకు చేసుకోమని సైగ చేశాడు. ఇంక దాపరికం ఎందుకని పక్కనే పోయాను.

ఎత్తు మొదట్లో లేచి నిలబడి తొక్కాడు. సగంలో ఆగిపోయాడు. దిగి, రాయి వెతికి చక్రం కింద పెట్టి, హ్యాండిలు మీద తల ఆనించి ఊపిరి తీసుకున్నాడు. నాకు భయమేసింది. ఈ మొండి మనిషి ఇక్కడే పోతే అత్తకు నేనేం చెప్పాలి? చాలు మామా, తిరుగుదాం అని బతిమాలాను. రాయి తీసి పక్కన పెట్టి మళ్ళీ ఎక్కాడు. నెట్టుకుంటూ పోలేదు. నెట్టితే తోలినట్టు కాదట.

డ్రైవరు ఇంటి ముందు పంచలో మంచం మీద కూర్చొని ఉన్నాడు. గోడకు చంకకర్ర ఆనించి ఉంది. నేను ఆయన్ని చూడటం అదే మొదలు. ఓనరు కంటే బక్కగా, నల్లగా, ఎవరినీ చూడనట్టు ఉన్నాడు. ఓనరు మంచం పక్కనే సైకిలు నిలిపి మాట కోసం ఊపిరి వెతుక్కుంటున్నాడు. డ్రైవరు ఆయన్ని చూడలేదు, బండిని చూశాడు.

"మలుపు కాడ్నుంచి వింటాండా. ఒగటే గేర్ల వస్తివి," అన్నాడు.

"పడలేదప్పా."

"ఎత్తు గూడా టాపులనే ఎక్కితివా?"

"ఎక్కితి."

"ఎందుకు పడలేదు?"

"కేబులు పొట్టి ఆయ."

డ్రైవరు వంగి, వెనక గేరు దగ్గర వేలాడుతున్న తీగ కొసను వేలితో తాకి చూశాడు. "బిగించకముందే కోసిరి. ఎవరు కోసింది?"

ఓనరు నా వైపు చూశాడు. నేను సిద్ధంగానే ఉన్నాను. నిజానికి నేనే ముందు నోరు తెరవబోయాను. అవునప్పా, నేనే కోశాను, నాకు తెలియలేదు అని చెప్పేస్తే ఆ సాయంత్రం గడిచిపోతుంది. అలవాటయిన పనే.

"నేనే," అన్నాడు ఓనరు.

డ్రైవరు తలెత్తాడు.

"పొద్దు గూకతాదని తొందరపడితి. కొలత సూస్కోకుండా కోస్తి. ఈయప్పది ఏం లేదు, చక్రం ఎత్తి పట్టుకున్యాడు, అంతే." ఆగి, ఊపిరి తీసుకొని, నేల వైపు చూస్తూ అన్నాడు. "ఆ పొద్దు గూడా నేనే. కంపెనీది గాదు. బ్రేకు మెత్తగుండాది, సూపిద్దాం, పూజకి నిలుపు అని నువ్వు చెప్తివి. లోడు పోతాదని నేనే తొందరపెట్టి పంపితి. తప్పు నాదే అప్పా."

పక్కింట్లో ఎవరో టపాకాయ కాల్చారు. డ్రైవరు చెయ్యి చాచాడు.

"ఇయ్యి."

ఓనరు జేబులోంచి బన్ని తీశాడు. ఆకులు రెండు మూడు నేల మీద పడ్డాయి. మిగిలినవి డ్రైవరు కళ్ళకద్దుకొని చొక్కా జేబులో వేసుకున్నాడు. దిండు కింద నుంచి ఆయన కూడా బన్ని తీసి ఓనరు చేతిలో పెట్టి, "బన్ని తొగొండు బంగారదంగ ఇరోణ" అన్నాడు. కన్నడంలోనే, అందరూ అనేట్టే. ఆ ఆకు అప్పుడే కోసినట్టు పచ్చగా ఉంది. ప్రతి ఏడూ కోసి దిండు కింద పెట్టుకునేవాడేమో నేను అడగలేదు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. స్కూటరు అద్దం తుడుస్తూ నిలబడ్డాను.

"పొద్దు గూకింది," అన్నాడు డ్రైవరు. "లైటుండాదా బండికి?"

"లేదు."

"లైటు లేకుండా టాపుల దిగుతావా ఆ ఎత్తు? బుద్ధుండాదా నీకు? ఈడనే పండుకో. పొద్దున పోదువు."

ఓనరు ఎదురు చెప్పలేదు. లారీల కాలమంతా ఓనరు పొమ్మంటే డ్రైవరు పోయాడు. ఇప్పుడు డ్రైవరు ఉండమంటే ఓనరు చెప్పులు విడిచి మంచం మీద ఒక అంచున కూర్చున్నాడు. డ్రైవరు ఇంకొంచెం జరిగి చోటిచ్చాడు.

నేనొక్కణ్ణే తిరిగొచ్చేసరికి అత్త గేటు దగ్గర నిలబడి ఉంది. స్కూటరు వెనక ఎవరూ లేకపోవడం చూసి గేటు ఊచ పట్టుకుంది.

"బాగుండాడత్తా," అన్నాను గబగబా. "ఆయప్ప ఈ రాత్రికి అక్కడే పండుకోమన్నాడు."

అత్త గేటు ఊచ వదిలింది.

"తీస్కున్యాడా?"

"తీసుకున్నాడు."

అత్త కొంగుతో మొహం తుడుచుకొని, గేటు వేసి, గొళ్ళెం పెట్టి, లోపలికి పోయి లైటార్పింది. ఆయన బయట ఉండగా ఆ ఇంట్లో లైటు ఆరడం నేను చూడటం అదే మొదలు.